'ఎంతుంది?' అని అడిగే ముందు: జబ్బున్న బిడ్డను అతిగా కాపాడే అమ్మానాన్నల కోసం

మా అమ్మాయికి అప్పుడు 11 ఏళ్ళు. ఒక సాయంత్రం బడినుంచి వచ్చింది. బ్యాగు ఇంకా భుజం మీదే ఉంది. నేను అలవాటు కొద్దీ "ఎంతుంది?" అన్నాను. షుగర్ ఎంతుంది అని. నాలుగేళ్ళుగా మా గుమ్మంలో పలకరింపు అదే. ఆ రోజు తను అంకె చెప్పలేదు. బూట్ల తాళ్ళు విప్పుకుంటూ, తలెత్తకుండానే, "నాన్నా, నువ్వు రోజూ నా షుగర్‌నే పలకరిస్తావు, నన్ను పలకరించవు" అని లోపలికి వెళ్ళిపోయింది.

మిగతాది రాత్రి వాళ్ళమ్మ చెప్పింది. ఆ రోజు క్లాసులో రిలే పరుగుకి నలుగురిని ఎంచుకున్నారట. మా పిల్ల బాగా పరిగెడుతుంది. టీచరు తన పేరు రాసుకుని, ఏదో గుర్తొచ్చి కొట్టేశారు. ఆ గుర్తొచ్చింది నా ఉత్తరమే. జబ్బు బయటపడిన కొత్తలో నేనే బడికి రాసిచ్చాను, ఆటలు ఆడించొద్దని, పరిగెత్తనివ్వొద్దని. అలా రాయమని ఏ డాక్టరూ నాకు చెప్పలేదు.

ఒంట్లో ఇన్సులిన్ తయారవడం ఆగిపోయే టైప్ 1 డయాబెటిస్ మా అమ్మాయికి 7 ఏళ్ళప్పుడు వచ్చింది. ఇప్పుడు 15. ఈ ఎనిమిదేళ్ళలో నేను చేసిన తప్పులు, వాటిని దిద్దుకున్న పద్ధతి ఇక్కడ రాస్తున్నాను. మీ బిడ్డ జబ్బు వేరే కావచ్చు. మందుల విషయంలో మీ డాక్టరు మాటే చివరి మాట. కానీ పిల్లకీ మనకీ మధ్య ఎంత దూరం ఉండాలన్నది డాక్టర్లు చీటీ మీద రాసిచ్చేది కాదు. అది నేర్చుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది.

కాపలా ఎక్కడ మొదలవుతుంది

మా పిల్లకి విపరీతంగా దాహం వేసేది. మాటిమాటికీ మూత్రానికి వెళ్ళేది. ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలైంది. బరువు తగ్గింది. పొడుగవుతోంది కదా, అందుకే సన్నబడింది అనుకున్నాం. వాంతులు మొదలై, ఊపిరి బరువుగా తీస్తుంటే అప్పుడు ఆసుపత్రికి ఎత్తుకుని పరిగెత్తాం. అప్పటికే కీటోఅసిడోసిస్, అంటే ఇన్సులిన్ లేక రక్తంలో కీటోన్లనే ఆమ్లాలు పేరుకుపోయే ప్రాణాపాయ స్థితి. మూడు రోజులు ఐసీయూలో ఉంది. ఆ మూడు రోజులూ బయట కుర్చీలో కూర్చుని నాలో నేను ఒక ఒట్టు పెట్టుకున్నాను: ఒకసారి కనిపెట్టలేకపోయాను, ఇక ఈ జన్మలో దీనిమీదనుంచి కన్ను తిప్పను అని.

అతిగా కాపాడే ప్రతి అమ్మానాన్న వెనకా ఇలాంటి కుర్చీ ఒకటి ఉంటుంది. అందుకే "అంత భయమెందుకు?" అని మమ్మల్ని తేలిగ్గా మందలించే వాళ్ళ మాట మాకు ఎక్కదు. మేం చూసింది చూశాం.

చాలా ఏళ్ళ తర్వాత చదివాను, 1964లోనే మోరిస్ గ్రీన్, ఆల్బర్ట్ సోల్నిట్ అనే ఇద్దరు వైద్యులు దీని గురించి రాశారు. చావు అంచుదాకా వెళ్ళి కోలుకున్న పిల్లల్ని వాళ్ళు చూశారు. పిల్లలు బాగయ్యారు, తల్లిదండ్రులు మాత్రం ఇంకా ఆ గండంలోనే ఉన్నారు. ఆ పిల్లలు అమ్మానాన్నల్ని వదిలి ఉండలేకపోవడం, వయసుకి తగ్గట్టు మసలుకోకపోవడం, చిన్న నొప్పికే బెంబేలెత్తిపోవడం, చదువులో వెనకబడటం వాళ్ళు గమనించారు. మా అమ్మాయి జబ్బు పూర్తిగా పోయేది కాదు, కాబట్టి మా సంగతి అచ్చంగా అదే కాదు. అయినా చదువుతుంటే మా ఇంటి గురించి ఎవరో పక్కన కూర్చుని రాసినట్టే ఉంది.

నన్ను కదిలించిన ఇంకో విషయం ఉంది. 1922 జనవరిలో టొరంటోలో 14 ఏళ్ళ అబ్బాయికి మొదటిసారి ఇన్సులిన్ ఎక్కించారు. అంతకుముందు ఈ జబ్బు వచ్చిన పిల్లలు ఎక్కువ కాలం బతికేవాళ్ళు కాదు. ఇప్పుడు మన పిల్లలు పెరుగుతారు, ఉద్యోగాలు చేస్తారు, ముసలివాళ్ళవుతారు. నలభయ్యో ఏట రాత్రి రెండింటికి షుగర్ పడిపోతే నేను పక్క గదిలో ఉండను. ఈ లెక్క నాకు ఆలస్యంగా తట్టింది.

ఒక వారం పాటు మీ 'వద్దు'లు రాయండి

నేను చేసిన మొదటి మంచి పని ఇది. ఒక నోటుపుస్తకంలో వారం రోజుల పాటు మా అమ్మాయితో నేను అన్న ప్రతి 'వద్దు' రాశాను. వాళ్ళమ్మ విడిగా తనవి రాసింది. ఒకరిది ఒకరు చూసుకోలేదు. ఆదివారం రెండూ కలిపితే 31 తేలాయి. ప్రతిదాని పక్కనా ఒక గడి గీసి 'ఎవరు చెప్పారు' అని రాసుకున్నాం: డాక్టరా, బంధువులా, నేనా. గడుల్లో ఎక్కువ భాగం నా పేరే ఉంది.

ఆ పుస్తకం పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఊరికే "ఆడుకోవచ్చా?" అని అడిగితే "జాగ్రత్తగా ఆడుకోమనండి" అంటారు. ఆ 'జాగ్రత్త'లో మనం మన భయమంతా దూర్చేసుకుంటాం. అందుకని ఒక్కో 'వద్దు'కీ మూడేసి ప్రశ్నలు అడగండి. ఇది జబ్బు వల్ల కూడదా? చేస్తే నిజంగా జరగగల చెడు ఏమిటి? ఏ జాగ్రత్త తీసుకుంటే చెయ్యనివ్వొచ్చు?

31లో ఐదు మిగిలాయి. ఏ కారణానికైనా ఇన్సులిన్ పూర్తిగా మానెయ్యకూడదు, జ్వరమొచ్చి తిండి సయించకపోయినా సరే. ఒంట్లో కీటోన్లు ఉన్నప్పుడు గట్టిగా ఆడకూడదు. ఒంటరిగా ఈతకి వెళ్ళకూడదు. మీటరు, గ్లూకోజు బిళ్ళలు లేకుండా గడప దాటకూడదు. షుగర్ పడిపోతున్నట్టు అనిపిస్తే ఎవరికీ చెప్పకుండా దాచకూడదు. అంతే. మెట్లు పరిగెత్తి ఎక్కడం, వానలో తడవడం, స్నేహితురాలి ఇంట్లో పడుకోవడం, బడి విహారయాత్ర, బాత్రూం తలుపుకి గడియ వేసుకోవడం, ఇవన్నీ నేను కల్పించుకున్నవే.

గడియ సంగతి ఒకటి చెప్పాలి. మూర్ఛ ఉన్న బిడ్డ ఇంట్లో అదే గడియ నిజమైన ప్రమాదం. లోపల ఫిట్స్ వస్తే తలుపు తెరవలేరు. కాబట్టి పక్కింటివాళ్ళ జాబితా మీకు పనికిరాదు. క్యాన్సర్‌కి కీమో నడుస్తూ తెల్లకణాలు పడిపోయిన రోజుల్లో జనం మధ్యకి పంపకపోవడం అతి జాగ్రత్త కాదు. అప్పుడు జ్వరం 38 డిగ్రీలు దాటితే రాత్రా పగలా అని చూడకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. కానీ అలాంటి కట్టడికి ఒక ముగింపు ఉంటుంది. ఆ తేదీ ఎప్పుడని డాక్టర్ని అడిగి రాసుకోండి, లేకపోతే చికిత్స అయిపోయిన రెండేళ్ళకి కూడా బిడ్డ అదే గదిలో ఉంటుంది. రక్తం సరిగా గడ్డకట్టని హీమోఫీలియా పిల్లల్ని ఒకప్పుడు కదలనిచ్చేవాళ్ళు కాదు. ఇప్పుడు ఈత లాంటివి చెయ్యమనే చెబుతారు, కండ బలంగా ఉంటే కీళ్ళకి ఆసరా. ఒకరినొకరు గుద్దుకునే ఆటలు వేరే సంగతి. ఉబ్బసం అదుపులో ఉన్న పిల్లలు పరిగెత్తొచ్చు. గుండె ఆపరేషన్ అయిన పిల్లల్లో కొందరికి నిజంగానే హద్దులుంటాయి, చాలామందికి మనం అనుకున్నన్ని ఉండవు. ఏ ఆట, ఎంతసేపు, ఏ లక్షణం కనిపిస్తే ఆపాలి అన్నది కాగితం మీద రాయించుకుంటే ఆ కాగితం బడికీ పనికొస్తుంది.

బడికి నేను కొత్త ఉత్తరం రాశాను. పాతదానిలో ఏం చెయ్యనివ్వకూడదో ఉండేది. కొత్తదానిలో ఆటకి ముందు షుగర్ చూసుకోవడానికి ఐదు నిమిషాలు ఇవ్వమని, జేబులో గ్లూకోజు ఉండనివ్వమని, తేడాగా కనిపిస్తే ఏం చెయ్యాలో రాశాను. పిల్లలందరితో పాటూ ఆడించమని చివరి వాక్యం. ఆ ఉత్తరం ఇవ్వడానికి నేను వెళ్ళినప్పుడు మా అమ్మాయిని కూడా తీసుకెళ్ళాను, తన ముందే చదివాను.

నిజమైన ప్రమాదాన్ని నోటికి నేర్చుకోండి

అన్నిటికీ భయపడే మనిషికి అసలు ప్రమాదం వచ్చినప్పుడు చేతులు ఆడవు. నా సంగతి అదే. భయం ఎక్కువ, పని తెలియదు. మాకు సంబంధించినంతవరకు నేర్చుకోవలసింది ఒక పేజీకి మించదని కూర్చుంటే తెలిసింది.

షుగర్ 70 కంటే తగ్గితే వెంటనే త్వరగా ఒంటబట్టే తీపి ఇవ్వాలి. పెద్దవాళ్ళకి 15 గ్రాముల గ్లూకోజు. పిల్లలకి బరువుని బట్టి, కిలోకి 0.3 గ్రాముల లెక్కన. 30 కిలోల పిల్లకి 9 గ్రాములు సరిపోతుంది. 15 నిమిషాలు ఆగి మళ్ళీ చూడాలి. ఇంకా 70 లోపే ఉంటే మళ్ళీ ఇవ్వాలి. 54 లోపైతే మరీ తీవ్రం. తెలివి తప్పితే నోట్లో ఏమీ పొయ్యకూడదు, పక్కకి ఒత్తిగిలి పడుకోబెట్టి, షుగర్‌ని పెంచే గ్లూకగాన్ మందు ఇచ్చి అంబులెన్సుకి ఫోన్ చెయ్యాలి. వాంతులు, బరువైన ఊపిరి, నోట్లోంచి పండిన పళ్ళ వాసన కనిపిస్తే కీటోన్లు చూడాలి, ఆసుపత్రికి ఆలస్యం చెయ్యకూడదు. బాగా ఆడిన రోజు షుగర్ అప్పుడే కాక ఆ రాత్రి నిద్రలో కూడా పడిపోవచ్చు.

ఈ చివరిది తెలియకే నేను ఆటలు మాన్పించాను. తెలిశాక ఆట మాన్పించనక్కరలేకపోయింది. ఆడిన రాత్రి పడుకునేముందు ఒకసారి అదనంగా చూడటం, డాక్టరు చెప్పినట్టు మోతాదు సర్దుకోవడం, అంతటితో సరిపోయింది. డయాబెటిస్ ఉన్న పిల్లలు కూడా మిగతా పిల్లల్లాగే రోజుకి గంటసేపు ఒళ్ళు అలిసేలా ఆడాలనే నిపుణులు చెబుతారు.

ఊరికే చదివి వదిలెయ్యకండి. గడువు తీరిన గ్లూకగాన్ కిట్టుతో ఇంట్లో అందరం సాధన చేశాం, మా చిన్నోడితో సహా. వాడికప్పుడు 9 ఏళ్ళు. అక్క పడిపోయినట్టు నటిస్తే వాడు ఏం చెయ్యాలో గట్టిగా చెబుతూ చేశాడు. ఆ రోజు తర్వాత మొదటిసారి నేను వాళ్ళిద్దర్నీ ఇంట్లో వదిలి అరగంట బయటికి వెళ్ళాను.

ముక్కలు ముక్కలుగా అప్పగించండి

జబ్బు బిడ్డది. ఇవాళ కాకపోతే రేపు దాన్ని తనే మొయ్యాలి. అయితే ఒక్కసారిగా నెత్తిన పెట్టకూడదు. ప్రతి పనికీ మేం నాలుగు మెట్లు పెట్టుకున్నాం. నేను చేస్తాను, తను చూస్తుంది. ఇద్దరం కలిసి చేస్తాం. తను చేస్తుంది, నేను చూస్తాను. తను చేసి నాకు చెబుతుంది. ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకి వారం పట్టొచ్చు, ఏడాది పట్టొచ్చు.

7 ఏళ్ళప్పుడు ఏ వేలికి గుచ్చాలో తను చెప్పేది, అంతే. ఆ చిన్న ఎంపిక వచ్చాక ఏడుపు సగం తగ్గింది. 8 వచ్చేసరికి వేలికి తనే గుచ్చుకుంది. ఇన్సులిన్ పెన్ను పదో ఏట మొదలుపెట్టింది. మొదటిసారి చెయ్యి వణికితే నా చెయ్యి దానంతటదే ముందుకి వెళ్ళింది. వాళ్ళమ్మ నా మణికట్టు పట్టుకుని ఆపింది. రెండు నిమిషాలు పట్టింది ఆ సూది దిగడానికి. నాకైతే అంత పొడుగాటి రెండు నిమిషాలు ఐసీయూ బయట తప్ప ఎక్కడా గుర్తులేవు. తిన్నదానిలో పిండిపదార్థం లెక్కకట్టి మోతాదు తేల్చడం 12లో నేర్చుకుంది.

ఇక నా రెండో పెద్ద తప్పు. 13 ఏళ్ళు నిండగానే, పిల్లల్ని స్వతంత్రంగా పెంచాలన్న ఉత్సాహంలో, "ఇక నీ జబ్బు నువ్వే చూసుకో, పెద్దదానివయ్యావు" అని మొత్తం వదిలేశాను. నాలుగు నెలల్లో మూడు నెలల సగటు చూపించే హెచ్‌బీఏ1సీ పరీక్ష చాలా పెరిగిపోయింది. మధ్యాహ్నం మోతాదులు ఎగ్గొడుతోంది. పుస్తకంలో అంకెలు కల్పించి రాస్తోంది. నేను కేకలేశాను. తను గది తలుపేసుకుంది.

అప్పుడు డాక్టరు నన్ను ఒక్కడినీ కూర్చోబెట్టి చెప్పారు. ఆ వయసులో ఒంట్లో వచ్చే హార్మోన్లు ఇన్సులిన్‌ని సరిగా పని చెయ్యనివ్వవు. పిల్ల ఎంత శ్రద్ధగా ఉన్నా అంకెలు ఎగుడుదిగుడుగానే ఉంటాయి. సరిగ్గా అప్పుడే పెద్దవాళ్ళు చెయ్యి తీసేస్తే పిల్ల ఒంటరిగా ఓడిపోతుంది, ఆ ఓటమిని దాచుకుంటుంది. కాపలా మానడమంటే తోడు మానడం కాదన్నారు. 1991లో బార్బరా ఆండర్సన్, జేమ్స్ కోయిన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఇలాంటి ఇళ్ళ గురించే రాశారు: ప్రేమతో మొదలైన సాయం కొన్నాళ్ళకి సోదా అవుతుంది, నిందగా మారుతుంది, బిడ్డ తప్పించుకోవడం మొదలుపెడుతుంది, అది చూసి మనం ఇంకా బిగిస్తాం. మా ఇంట్లో నేను పూర్తిగా బిగించడం, పూర్తిగా వదలడం, మళ్ళీ బిగించడం, మూడూ చేశాను.

తర్వాత మేం ఒక ఒప్పందం రాసుకున్నాం. పగటి మోతాదులు తనవి. రాత్రి వేసే దీర్ఘకాలపు ఇన్సులిన్ తనే వేసుకుంటుంది, నేను పక్కన ఉంటాను, మాట్లాడను. ఆదివారం సాయంత్రం 20 నిమిషాలు ఇద్దరం అంకెలు చూస్తాం. మిగతా వారమంతా, షుగర్ పడిపోతే తప్ప, నేను షుగర్ మాట ఎత్తను. ఆదివారాల్లో 'మంచి షుగర్', 'చెడ్డ షుగర్' అనే మాటలు వాడం. ఎక్కువ, తక్కువ, మధ్యలో, అంతే. "ఎందుకు పెరిగింది?" అనే ప్రశ్న నేను అడిగితే నిలదీసినట్టు వస్తోందని తనే చెప్పింది. ఇప్పుడు "ఇక్కడ ఏం జరిగి ఉంటుంది?" అంటాను. రెండో ఆదివారానికే మధ్యాహ్నం మోతాదు ఎందుకు ఎగ్గొడుతోందో చెప్పింది. క్లాసులో అందరూ చూస్తారని. దానికి ఉపాయం తనే ఆలోచించింది: గంట కొట్టడానికి ఐదు నిమిషాల ముందే లేచి వెళ్ళడానికి టీచరుని అడిగింది.

చర్మానికి అంటించుకునే సెన్సర్ వచ్చాక ఇంకో పరీక్ష మొదలైంది. తన షుగర్ నా ఫోన్‌లో ఐదు నిమిషాలకోసారి కనిపిస్తుంది. నేను ఆఫీసులో కూర్చుని అదే చూస్తూ, గీత కాస్త వంగగానే ఫోన్ చేసేవాణ్ని. పరీక్ష రాస్తుంటే కూడా. ఇది మీ ఇంట్లోనూ ఉంటే నియమం పెట్టుకోండి. మా నియమం ఇది: షుగర్ పడిపోతోందని ఫోన్‌లో అలారం మోగాక 15 నిమిషాలు తనకి వదిలెయ్యాలి. అప్పటికీ పెరగకపోతే ఒక సందేశం. ఇంకో ఐదు నిమిషాలకి జవాబు రాకపోతే ఫోన్. 54 లోపైతే మాత్రం ఈ లెక్కలేవీ లేవు, వెంటనే ఫోన్ చేస్తాను, దగ్గరున్న పెద్దవాళ్ళకి కూడా.

మొదటి రాత్రి బయట

12 ఏళ్ళప్పుడు స్నేహితురాలి ఇంట్లో పడుకుంటానంది. నేను కాదనలేదు, అవుననలేదు. దాన్నీ మెట్లుగానే చేశాం. మొదట సాయంత్రం రెండు గంటలు. తర్వాతి వారం రాత్రి భోజనం అయ్యేదాకా. ఆ తర్వాత పది గంటలకి వెళ్ళి తీసుకొచ్చాను. నాలుగోసారి రాత్రంతా.

ఆ అమ్మాయి తల్లికి ఒకే ఒక్క కాగితం ఇచ్చాం. పైన మూడు ఫోన్ నంబర్లు, కింద షుగర్ పడిపోతే ఎలా కనిపిస్తుంది, ఏం ఇవ్వాలి, తెలివి తప్పితే ఏం చెయ్యాలి. అంతకంటే ఎక్కువ రాస్తే ఎదుటివాళ్ళు బెదిరి ఇంకెప్పుడూ పిలవరు. మిగతా పనంతా మా అమ్మాయే చేసుకుంటుందని ఆవిడకి చెప్పాను. మా అమ్మాయి వింటుండగానే చెప్పాను.

అయినా ఆ రాత్రి నేను ఇంట్లో ఉండలేకపోయాను. వాళ్ళ వీధి చివర కారు ఆపుకుని కూర్చున్నాను. కిటికీలోంచి చూసింది నా కారుని. పొద్దున నాతో మాట్లాడలేదు. రెండు రోజుల తర్వాత "నేను చెయ్యగలనని నువ్వు అనుకోవట్లేదని అర్థమైంది" అంది. ఆ మాట నన్ను ఎంత కోసిందో రాయలేను. కాపలా కాసేవాడికి అది ప్రేమలా ఉంటుంది, అవతల కిటికీలో ఉన్న పిల్లకి ఇంకోలా కనిపిస్తుంది.

మళ్ళీ వెళ్ళినప్పటికి సెన్సర్ వచ్చింది. ఆ రాత్రి నేను ఇంట్లోనే ఉన్నాను. రాత్రి ఒంటిగంటకి అలారం మోగింది. 64. వాళ్ళమ్మ ఫోన్ నా చేతిలోంచి తీసుకుని మంచం మీద ఇద్దరి మధ్యా పెట్టింది. 15 నిమిషాలు ఆ గీతనే చూశాం. 64, 61, 66. తర్వాత 78. ఒంటిగంటా ఇరవైకి 92. ఆ వెంటనే సందేశం వచ్చింది: "చూసుకున్నా. పడుకో నాన్నా."

ఇంట్లో మిగతావాళ్ళు

జబ్బున్న పిల్లని కోప్పడాలి. చేసిన తప్పుకి, అందరితో సమానంగా. మా చిన్నోడిని కొట్టినప్పుడు "పోనీలే, దానికి ఒంట్లో బాగోదు" అని మూడేళ్ళు వదిలేశాను. షుగర్ బాగా పడిపోయినా, పెరిగినా చిరాకు వస్తుంది, నిజమే. అందుకే ముందు షుగర్ సర్దాలి, తర్వాత తప్పు గురించి మాట్లాడాలి. రెండోది మర్చిపోవద్దు. తన గదీ, తన కంచం, ఇంటి పనిలో తన వంతూ తనవే.

చిన్నోడు ఒకసారి నాతో "నాకూ ఏదైనా జబ్బు వస్తే బాగుణ్ణు" అన్నాడు. వాడికి వారంలో ఒక పూట పూర్తిగా నేను ఇచ్చేది అప్పటినుంచే. ఆ పూట అక్క షుగర్ వాళ్ళమ్మ చూస్తుంది.

బంధువులు పిల్ల ఎదురుగా "పాపం" అంటారు. చెడ్డ మనసుతో కాదు. నేను వాళ్ళని పక్కకి పిలిచి ఒక్క మాటే చెబుతాను: ఆ మాట తన ముందు అనకండి, తన చదువు గురించో ఆట గురించో అడగండి. పెద్దవాళ్ళు కూడా విన్నారు. భార్యాభర్తల్లో ఒకరు పట్టుగా, ఒకరు విడుపుగా ఉండటం చాలా ఇళ్ళలో ఉంది, మా ఇంట్లోనూ అంతే. పిల్ల ఎదుట వాదించుకోకుండా వాదన నోటుపుస్తకంలోకి మళ్ళించాం.

జబ్బు గురించి బిడ్డకి నిజం చెప్పండి, వయసుకి అర్థమయ్యే మాటల్లో. మనం గుసగుసలాడితే పిల్లలు ఉన్నదానికంటే ఘోరమైనది ఊహించుకుంటారు. మా అమ్మాయి 8 ఏళ్ళప్పుడు "నేను చచ్చిపోతానా?" అని అడిగింది. "ఇన్సులిన్ వేసుకోకపోతే ప్రమాదం, అందుకే రోజూ వేస్తున్నాం, వేసుకుంటూ ఉంటే నువ్వు పెద్దదానివవుతావు" అన్నాను. ఆ తర్వాత సూదికి చెయ్యి ఇవ్వనని మారాం చెయ్యడం తగ్గింది. గొప్పవాళ్ళ కథలు కూడా చెప్పాను. గ్యారీ హాల్ జూనియర్ అనే ఈతగాడికి 1999లో ఇదే జబ్బని తేలింది, మరుసటి ఏడాది సిడ్నీ ఒలింపిక్స్‌లో, మళ్ళీ 2004లో ఏథెన్స్‌లో 50 మీటర్ల ఫ్రీస్టయిల్‌లో బంగారు పతకం గెలిచాడు. వసీం అక్రమ్‌కి 1997లో తేలింది, ఆ తర్వాతా ఏళ్ళ తరబడి బంతి వేశాడు. మా అమ్మాయి విని ఊరుకుంది. తనకి కావలసింది పతకం కాదు, రిలేలో నాలుగో చోటు. అది తర్వాతి ఏడాది వచ్చింది. వాళ్ళు మూడో స్థానంలో నిలిచారు.

మీ భయాన్ని ఎక్కడ పెట్టాలి

బిడ్డ చేతిలో పెట్టకండి. "నీకేమైనా అయితే నేను బతకలేను" అని నేను చాలాసార్లు అన్నాను. ఎనిమిదేళ్ళ పిల్ల మీద తన ప్రాణంతో పాటు నా ప్రాణం భారం కూడా వేశాను. ఆ తర్వాతే షుగర్ పడిపోతే నాకు చెప్పడం మానేసింది, నేను ఏడుస్తానని.

నాలాంటి ఇద్దరు తండ్రులతో నెలకోసారి మాట్లాడటం మొదలుపెట్టాను. వాళ్ళ దగ్గర భయం దాచనక్కరలేదు. కానీ అంతటితో తీరకపోవచ్చు. ఆసుపత్రి దృశ్యాలు కలలోకి వస్తుంటే, అంబులెన్సు శబ్దానికి ఒళ్ళు చల్లబడుతుంటే, బిడ్డ బాగున్న రోజు కూడా నిద్ర పట్టకపోతే, అది మీ బలహీనత కాదు. తీవ్రమైన జబ్బు చూసిన తల్లిదండ్రుల్లో ఇలాంటివి ఉంటాయని వైద్యులకి తెలుసు, సాయం చెయ్యగలరు. నేను ఆరు నెలలు ఒక సైకాలజిస్టు దగ్గరికి వెళ్ళాను. అర్ధరాత్రి పిల్ల ఊపిరి వినడానికి మూడుసార్లు లేవడం ఆ తర్వాత ఒకసారికి తగ్గింది. సెన్సర్ వచ్చాక అదీ మానేశాను.

'వద్దు'ల జాబితా ఆరు నెలలకోసారి తిరగెయ్యండి. బిడ్డ పెరుగుతుంది, పాత 'వద్దు' పాతపడుతుంది, కొత్తవి ఎప్పుడు చేరాయో మనకే తెలియదు. ఇప్పుడు మా జాబితా మా అమ్మాయి రాస్తుంది, నేను చెబితే. పోయిన నెల తొమ్మిది తేలాయి. ఆరు అక్కడికక్కడే కొట్టేశాం. ఏడోది, సైకిల్ మీద ఒంటరిగా ఈత కోచింగ్‌కి వెళ్ళడం. అక్కడ కోచ్ ఉంటారు, నీళ్ళలో ఒంటరి కాదు. షుగర్ గురించి అడిగితే అన్నిటికీ జవాబులున్నాయి తన దగ్గర. "మరి లారీలూ బస్సులూ?" అన్నాను. కాసేపు నన్నే చూసి, "అది నా జబ్బు భయం కాదు నాన్నా, అందరి నాన్నలకీ ఉండేదే" అంది. కలం పట్టుకుని కూర్చుంది. 'ఎవరు చెప్పారు' అన్న గడిలో ఏం రాయాలో మేమిద్దరం ఇంకా తేల్చుకోలేదు.